ఐదుకి ఏడొచ్చిన వీధి

తెలుగు మాస్టారు ఉద్యోగం విరమించి మూడేళ్ళు కావస్తున్నా, ఆయన చేతికి పేపర్లు దిద్దే దురద మాత్రం వదల్లేదు. మందుల చీటీ అయినా సరే, ఎర్రపెన్నుతో అచ్చుతప్పులు సరిచేస్తేగాని ఆయనకు తోచదు.

నీళ్ళ ఆఫీసు గోడకు అంటించిన కాగితం అలాంటి మనిషి కంట పడింది. ఊళ్ళో ఏ వీధి కుళాయి నీళ్ళు ఎలా ఉన్నాయో పరీక్షించి, ఫలితాలు అందరికీ తెలిసేలా పెట్టారు. పరీక్ష, ఫలితం అన్న మాటలు చూడగానే మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. గబగబా తన వీధి వెతికారు. కలక అన్నచోట హద్దు ఐదు, ఫలితం ఒకటి. క్రిములు అన్నచోట ఏకంగా సున్నా. ఆయన మొహం మాడిపోయింది. పక్క వీధి చూశారు. అందులో బావమరిది ఉంటాడు. వాళ్ళకు కలకలో ఐదుకి ఏడు.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డారు.

"మన నీళ్ళు తప్పాయే," అన్నారు భార్యతో. "మీ తమ్ముడి వీధికి ఐదుకి ఏడొచ్చాయి."

"ఐదుకి ఏడెలా వస్తాయండీ?"

"అదే నాకూ అంతు పట్టడం లేదు. ఎవర్నో పట్టుకుని ఉంటాడు."

సాయంత్రానికల్లా ఈ కబురు బావమరిది చెవిన పడింది. కాలరెగరేసుకుంటూ వచ్చాడు. "మాది మొదట్నుంచీ మంచి వీధి బావగారూ. దిగులు పడకండి, రోజూ ఓ బిందె పంపిస్తాలెండి" అన్నాడు. ఆ బిందె మాటకి మాస్టారికి ముద్ద దిగలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి, నీళ్ళు పరీక్షించే అమ్మాయి బల్ల ముందు నిలబడ్డారు.

"మా వీధి పేపరు మళ్ళీ దిద్దాలమ్మా. మరీ సున్నా ఏమిటి? పాసు మార్కులకైనా తగమా?"

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి చేతిలో సీసా మూత గట్టిగా బిగించింది. "ఇవి మార్కులు కావండీ. క్రిములు సున్నా ఉండాల్సిందే. కలక, అంటే నీళ్ళలో మసక, ఐదు దాటకూడదు, ఎంత తగ్గితే అంత మేలు. క్లోరిన్ ఒక్కటే, మరీ తగ్గకూడదు, మరీ పెరగకూడదు."

"అంటే మా వీధి..."

"నిక్షేపంగా ఉంది. పక్క వీధిలోనే గొట్టం ఎక్కడో చిట్లి మట్టి కలుస్తోంది. విచిత్రం ఏమిటంటే, అక్కణ్ణుంచి ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు."

"ఎందుకు చేస్తారమ్మా, సంబరాల్లో ఉంటే," అని మాస్టారు నేరుగా బావమరిది ఇంటికి నడిచారు.

సంగతంతా విని బావమరిది, "ఓర్వలేక అంటున్నారు" అన్నాడు. మాస్టారు గాజు గ్లాసులో కుళాయి నీళ్ళు పట్టి కిటికీలో పెట్టారు. గ్లాసులోంచి ఎదురింటి గోడ మసగ్గా కనబడింది. బావమరిది కాసేపు తేరిపార చూసి, తల గోక్కుని, చెప్పులేసుకున్నాడు. ఇద్దరూ కలిసి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చొచ్చారు.

గొట్టం బాగుచేసేదాకా ఆ వీధికి నీళ్ళు ఆపేశారు. దాంతో బావమరిది పెళ్ళాం పిల్లల్తో, బకెట్లతో అక్కగారింట్లో దిగాడు. తెల్లారేసరికి స్నానాలగదిలోంచి అతని కూనిరాగం మొదలైంది. మాస్టారు తువ్వాలు భుజాన వేసుకుని, సొంతింట్లోనే పిల్లల వెనక వరసలో నిలబడ్డారు.

"నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి బావగారూ," అని లోపల్నుంచి వినబడింది.

"కాసిని మిగుల్చు," అన్నారు మాస్టారు.