మానుపిల్లి పడుకున్న బొంత

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే నడుమ నవ్వి చెడగొట్టేది నేనే. ఇప్పటికీ అంతే. కానీ మట్టెవాడలో మా పుట్టింటి అటక మీద దొరికిన బొంత సంగతి మాత్రం నాకు అంతు పట్టలేదు.

నిజాం రాజ్యం ఇంకా ఉన్న రోజులు. నాకు నెల తప్పిందని తెలియగానే నాయనమ్మ తన పాత చీరలు చింపి, పుట్టబోయే బిడ్డకు ఎర్రదారంతో బొంత కుట్టడం మొదలుపెట్టింది. మూడంచులు కుట్టింది. నాలుగోది మిగిలుండగానే కన్నుమూసింది. పోయినవాళ్ల సగం పని ఇంట్లో ఉంచకూడదని మావాళ్ల పట్టింపు. బొంతను మడతపెట్టి, శవపెట్టెలో ఆమె తల కింద పెట్టింది నేనే. పాస్టరుగారు ప్రార్థన చేశాక సమాధి చేశారు.

తర్వాత తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చాను. పాప పుట్టిన కొద్ది రోజులకే అటక మీద గీకుడు చప్పుడు. మానుపిల్లి పిల్లల్ని పెట్టింది, అదీ సరిగ్గా ఊయలకు పైనే! కోళ్లగూళ్లలో దూరే జంతువది, నా చంటిదాని మీద పడితే ఏం గతి? భయంతో నాకు కునుకు లేదు.

అమ్మ కుంపట్లో ఎండుమిరపకాయలు వేసి పొగ పెడతానంది.

"పురిటింట్ల మిరప పొగేందే అమ్మా? పిల్లకు ఊపిరాడొద్దా? పాపం, అది సుత బాలింతనే గద!"

"గట్లనా? అయితే నీకు పెట్టే బాలింత కాయంల దానికి సుత ఓ ముద్ద పెట్టు!"

చివరికి బాపు మిట్టమధ్యాహ్నం నిచ్చెన వేసుకుని ఎక్కాడు. తల్లి పెంకుల సందులోంచి ఉరికింది. పిల్లల్ని పడుకున్న గుడ్డతో సహా తట్టలోకి ఎత్తి, పెరట్లో సీతాఫలం చెట్టు కింద పెట్టాడు. పొద్దు వాలేసరికి తల్లి వచ్చి ఒక్కో పిల్లనే నోట కరుచుకుపోయింది. హమ్మయ్య అనుకున్నాం.

తట్టలో మిగిలిన గుడ్డను దులిపిన అమ్మ కేక పెట్టింది.

"ఓ యేసయ్యా! ఇది అత్తమ్మ బొంత గాదా!"

అదే బొంత. నడుమ నా చిన్నప్పటి పచ్చలంగా ముక్క కూడా ఉంది. మట్టి మరక లేదు. నాలుగో అంచు కూడా కుట్టి ఉంది, అదే ఎర్రదారం, నాయనమ్మ వేసే ఏటవాలు కుట్టే. బాపు సమాధి చూసి వచ్చాడు. పైన మొలిచిన గడ్డి కూడా కదల్లేదట.

అమ్మ కాల్చేద్దామంది. నేను ఒప్పుకోలేదు. ఉతికి, ఎండబెట్టి, ఊయలలో పరిచాను. భయం వేయలేదు, నిజం చెప్పాలంటే కడుపు నిండినట్టయింది.

అది అటక మీదికి ఎట్లా చేరిందో, ఎవరు పూర్తి చేశారో ఇవాళ్టికీ చెప్పలేను. నా బిడ్డ మాత్రం దాని మీదే బోర్లా పడింది.