తప్పు ఇంజిన్

బీరువా తాళంచెవి ఎక్కడో పడిపోయిందని కత్తెరమ్మ తన ఆడపడుచుకు చెప్పిన మాట పచ్చి అబద్ధం. తాళంచెవి ఎక్కడికీ పోలేదు. ఆమె మెడలో, కొలతల టేపు పక్కనే, ఎర్రదారానికి వేలాడుతూనే ఉంది. అబద్ధమాడినందుకు ఆమెకు రవ్వంత సిగ్గు కూడా లేదు. అడగకుండా తన ఇంటి సొమ్ము పంచిపెట్టేవాళ్ళకు నిజం చెప్పి ఏం బావుకోవాలి?

కత్తెరమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని, బిగుతైన బట్టలు వదులు చేస్తూ, వదులైనవి బిగిస్తూ సగం జీవితం గడిపింది. ఆ పేరు చేతిలో కత్తెర వల్ల వచ్చిందో, నోటి వల్ల వచ్చిందో ఇంతవరకూ ఎవరూ ఆమెను అడగలేదు. అడిగే ధైర్యం ఉండాలిగా మరి.

ఆమె భర్త తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. బజారులో కాటాలు, తూకపురాళ్ళు, పెట్రోలు బంకుల మీటర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం ఆయన ఉద్యోగం. సాయంత్రం ఆ ఉద్యోగాన్ని ఆఫీసులో వదిలేసి ఇంటికి రావడం మాత్రం ఆయనకు చేతకాలేదు. ఇంట్లో ఆయనకున్న పిచ్చి ఒకటే, బొమ్మ డీజిల్ ఇంజిన్లు. బొమ్మ అంటే ఆయనకు ఒళ్ళు మండేది. "బొమ్మ కాదోయ్, నమూనా," అనేవాడు. అసలు ఇంజిన్‌ని ఒకే లెక్కన కుదించి, జానెడు పొడవుకు తెచ్చిన నమూనా. కిటికీలెన్ని, మెట్లెన్ని, హారన్ ఎటువైపు, పక్కన గీసిన పసుపు చార ఎంత వెడల్పు, అన్నీ అసలు ఇంజిన్ ఫోటోతో అచ్చుగుద్దినట్టు సరిపోవాలి. భూతద్దం పెట్టి చూసి, సరిపోతేనే అద్దాల బీరువాలోకి. లేకపోతే అమ్మినవాడి మొహాన కొట్టి వచ్చేవాడు.

బీరువా ఎక్కిన ఇంజిన్ మళ్ళీ కదిలింది లేదు. తిప్పితే చక్రాలు అరుగుతాయి, రంగు గీసుకుపోతుంది, సన్నటి మెట్లు ఊడిపోతాయి. కాబట్టి తిప్పకూడదు. కదలని రైలింజిన్లు ఉంటాయా ఎక్కడైనా? ఆ ఇంట్లో ఉన్నాయి, మూడు అరల నిండా. ముచ్చటపడి కుట్టించుకుని ఒక్కసారీ తొడుక్కోని బట్టల్ని చూసినట్టు, వాటిని చూసినప్పుడల్లా కత్తెరమ్మ కడుపు రగిలిపోయేది. తుడవడం మాత్రం ఆమె వంతు.

అసలు తమాషా ఏమిటంటే, ఈ పిచ్చికి నాంది పలికింది కత్తెరమ్మే. పెళ్ళైన కొత్తలో, కుట్టుపని మీద చేతికొచ్చిన మొదటి డబ్బులు పట్టుకుని బొమ్మల కొట్టుకు వెళ్ళి, ఆయనకోసం ఒక పచ్చరంగు డీజిల్ ఇంజిన్ కొంది. ఆయనకు రైళ్ళంటే ఇష్టమని అప్పటికే పసిగట్టింది. గుండ్రటి పట్టాలు కూడా అదే పెట్టెలో వచ్చాయి. ఆయన పెట్టె విప్పి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. మురిసినంతసేపు పట్టలేదు, స్కేలు తీశాడు.

"ఈ రకం ఇంజిన్ పచ్చరంగులో ఎప్పుడూ తిరగలేదు," అన్నాడు. "పక్కన కిటికీలు మూడుండాలి, దీనికి రెండే ఉన్నాయి. హారన్ వెనక్కుండాలి, ముందు పెట్టాడు. పోన్లే, నీకు తెలీదుగా పాపం."

ప్రేమగానే అన్నాడు. కానీ ఆ 'పాపం' ఆమెకు గుండెల్లో గుచ్చుకుంది. మర్నాటి నుంచి ఆయన తప్పులు లేని ఇంజిన్ల వేటలో పడ్డాడు. పచ్చ ఇంజిన్ కింది అరలో, అన్నిటికంటే వెనక చేరింది. దాని పేరు కూడా తప్పు ఇంజిన్ అయి కూర్చుంది. ఇంటికొచ్చిన నమూనా రైళ్ళ సంఘం మెంబర్లకు ఆయన దాన్ని చూపించి, "మా ఆవిడ సెలక్షన్" అని నవ్వేవాడు. వాళ్ళూ నవ్వేవాళ్ళు. ఆమె టీ కప్పులు ఠక్కుమని పెట్టి లోపలికి పోయేది.

నీకొద్దు కదా, అయితే అది నాదే, అనుకుంది కత్తెరమ్మ. అనుకుని ఊరుకునే రకం కాదు. ఆయన ఆఫీసుకు వెళ్ళగానే బట్టలు కత్తిరించే బల్లమీద గుండ్రటి పట్టాలు పరిచేది. దారపు ఉండలు స్టేషన్లు. గుండీల డబ్బా గోడౌను. అగ్గిపెట్టెల్లో గుండీలు నింపి, దారంతో కట్టి, గూడ్సు బండిలా లాగించేది. కాలర్లు కుడుతూ ఓరకంట దాన్ని చూసుకునేది. ఎవరో లావాటావిడ కొలతలిచ్చి వెళ్ళి మళ్ళీ వచ్చి గీపెట్టినా, ఆ ఇంజిన్ గిర్రున తిరుగుతుంటే ఆమెకు కోపం నిలిచేది కాదు. సాయంత్రం ఆయన వచ్చేలోపు దుమ్ము తుడిచి, ఎక్కడిది అక్కడ పెట్టేసేది. ఏళ్ళ తరబడి ఇదే భాగోతం. ఆయన కనిపెట్టలేదు. కనిపెట్టినా భయపడేది కాదనుకోండి, కానీ తన సంతోషానికి కూడా స్కేలు పెడతాడని ఆమెకు మంట.

ఆ రోజుల్లోనే మిషను నూనె అమ్మే కొట్టువాడితో ఆమెకు పెద్ద తగాదా. సీసా కొని మూత తీసిందే తడవు, అడుగంటుతోంది. కుట్టుమిషనుకు ఆమె పోసేది చుక్కో రెండు చుక్కలో. మిగతాది ఏమైనట్టు?

"సీసాలో తక్కువ పోసి అమ్ముతున్నాడండీ వాడు. మీరు ఇన్‌స్పెక్టరేగా, వెళ్ళి ఓ చూపు చూడండి," అంది.

పిసరంత తేడా వస్తే కొట్టుకు తాళం వేయించే మనిషి, పేపర్లోంచి తలైనా ఎత్తలేదు. "పోనీలే, బతకనీ పాపం," అన్నాడు.

"ఊరందరికీ న్యాయం చేస్తారు, పెళ్ళాం దగ్గరికొచ్చేసరికి పోనీలేనా?" అని దులిపేసింది. ఆ నెల ఆయనే వెళ్ళి పెద్ద సీసా పట్టుకొచ్చాడు.

ఇప్పుడు ఆయన లేడు. ఆరు నెలలు తిరక్కుండానే ఆడపడుచు, ఆయన మెంబరుగా ఉన్న నమూనా రైళ్ళ సంఘానికి మాట ఇచ్చేసింది. ఇంజిన్లన్నీ సంఘం హాల్లో అద్దాల పెట్టెలో పెడతారట. పైన బోర్డు మీద ఆయన పేరు రాస్తారట. సంగతంతా నిర్ణయమైపోయాక వదినకు ఫోను చేసింది.

"అన్నయ్య పేరు నిలబడుతుంది వదినా. కాదంటే బాగుండదు."

"పేరు నిలబడితే నిలబడనీ. ఇంజిన్లు నిలబడింది చాలు, కాస్త నడవనీ."

"వాటి విలువ నీకేం తెలుసు? ముందు తాళం తీసి ఉంచు."

తాళంచెవి పోయిందని చెప్పింది అప్పుడే. చెప్పి ఫోను పెట్టేసి, మెడలోంచి దారం తీసి, బీరువా తెరిచింది. ఒక్కటి కాదు, అన్నీ బయటికి తీసింది. కొత్త పట్టాలు కొంది. ముందుగదిలో మిషను కింద నుంచి, పడకగది గుమ్మం దాటి, వంటింట్లో గ్యాస్ సిలిండర్ చుట్టూ తిరిగి మళ్ళీ మిషను దగ్గరికి వచ్చేలా పరిచింది. ఒక్కో ఇంజిన్ పట్టాలమీద పెట్టి మీట నొక్కితే, ముందు వణికి, తర్వాత కదిలి, ఆ తర్వాత పరుగెత్తింది. కత్తెరమ్మ నేలమీద కూర్చుని పకపకా నవ్వింది. ఆ నవ్వుకు ఆమెకే ఆశ్చర్యమేసింది. పచ్చ ఇంజిన్ ఒక్కటే ఈ మధ్య కీచుకీచుమంటోంది. "నీకూ వయసొచ్చిందే," అని దాన్ని కసిరింది.

ఆదివారం ఉదయం ఆడపడుచు, సంఘం కార్యదర్శి అట్టపెట్టెలూ దూదీ పట్టుకుని దిగారు. కార్యదర్శి సన్నటి మనిషి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట చిన్న స్టీలు స్కేలు ఉంటుంది. గుమ్మంలో అడుగుపెట్టబోయి, కాలిముందు నుంచి ఒక నీలం ఇంజిన్ దూసుకుపోతుంటే, పైకెత్తిన కాలు పైకెత్తినట్టే ఉండిపోయాడు.

"మేడం, దాన్ని... తిప్పుతున్నారా?"

"కనబడుతోందిగా."

"అది చేత్తో చేసింది మేడం. అలాంటిది ఇంకోటి దొరకదు." ఆయన మోకాళ్ళమీద కూలబడి ఇంజిన్‌ని ఆపి, చేతిలోకి తీసుకున్నాడు. "మెట్టు ఊడిపోయింది."

"వంటింటి మలుపులో ఊడింది. డబ్బాలో దాచాను లెండి, అంటించుకోవచ్చు."

ఆడపడుచు ఒంటికాలిమీద లేచింది. "నీకు మతి పోయిందా వదినా? అన్నయ్య కళ్ళలో పెట్టుకుని చూసుకున్నాడు వీటిని. ఒక్క గీత పడనివ్వలేదు. వాడు చూస్తే ఏమంటాడు?"

"ఏమైనా అనేదుంటే నాతో అనమను. మధ్యలో నువ్వెందుకు?"

"తాళం పోయిందన్నావు."

"అబద్ధం చెప్పాను."

కార్యదర్శి మెత్తగా మొదలుపెట్టాడు. "మేడం, సార్ ఒక్క ఇంజిన్ కూడా తిప్పలేదు. అదీ ఆయన నిష్ఠ. రేపు ఎవరైనా చూస్తే, ఇదీ పద్ధతి అని తెలియాలి కదా. మీ దగ్గరుంటే ఏడాదికి ఒక్కటీ మిగలదు."

"కొలతకు సరిగ్గా కుట్టి ఇస్తే ఆ బట్టలో మనిషి కూర్చోలేడండీ. కాస్త వదులు పెట్టాలి. మీ సార్‌కి ఈ ముక్క నేను చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నాను. అరిగిపోతే అరిగిపోనీ. నేనూ అరిగిపోతున్నాను, నన్నెవరైనా దూదిలో చుట్టారా? ఒక్క ఇంజిన్ కూడా ఈ గుమ్మం దాటదు."

కార్యదర్శి చెయ్యి ఊరుకోక, మిషను పక్కన పట్టాలమీద ఉన్న పచ్చ ఇంజిన్‌ని తీశాడు. "ఇదెలాగూ మాకు అక్కర్లేదు. ఇదేగా ఆ తప్పు..." అంటూ అలవాటుకొద్దీ వెల్లకిలా తిప్పి చూసి, ఆగిపోయాడు. చక్రాలు అరిగి సన్నబడ్డాయి. ఆరు నెలల్లో అరిగే అరుగుదల కాదు అది.

ఆయన మొహం మెత్తబడింది. "సార్ కూడా చాటుగా తిప్పుకునేవారన్నమాట. ఇంతకాలం మాకు తెలియనే లేదు."

ఆడపడుచు కళ్ళు తుడుచుకుంది. "పిచ్చి అన్నయ్య. ఇది కూడా పెట్టించండి, బోర్డుమీద ఈ మాట కూడా రాయించండి."

ఊరుకుంటే అందరికీ బాగుండేది. పోయినాయనకు మరింత మంచిపేరు వచ్చేది. కానీ తన జీవితం మొత్తంలో తనదంటూ మిగిలిన ఒక్క సరదానూ బోర్డుకెక్కించి ఆయన ఖాతాలో వేస్తుంటే కత్తెరమ్మ ఎలా ఊరుకుంటుంది?

"ఆయన కాదు," అంది. "నేను. ఆయన ఆఫీసుకెళ్ళగానే ఈ బల్లమీద రోజూ తిప్పాను. ఆయన దాన్ని చూసి నవ్వేవాడు, మీరూ నవ్వేవాళ్ళు. ఆ చక్రాలు అరగ్గొట్టింది నేను. రాయిస్తే అది రాయించండి."

కార్యదర్శి జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, ఇంజిన్ అడుగు మూత విప్పి, లోపలికి చూశాడు.

"నూనె ఎన్నాళ్ళకోసారి వేసేవారు మేడం?"

"దేనికి?"

"దీనికే. ఇన్నేళ్ళు తిప్పితే నూనె లేకుండా మోటారు ఎప్పుడో కాలిపోవాలి. దీన్ని ఎవరో చాలా శ్రద్ధగా చూశారు. ఈ మధ్యనే ఎండిపోయినట్టుంది, కీచుమంటూ ఉండాలే." ఆయన వేలితో తాకి వాసన చూశాడు. చుట్టూ చూసి, కుట్టుమిషను దగ్గర చూపు ఆపాడు. "మేము వాడే నూనె కాదు. మిషను నూనె."

కత్తెరమ్మ తన జన్మలో ఆ ఇంజిన్‌కి నూనె వెయ్యలేదు. వెయ్యాలనే తెలియదు. కుట్టుమిషనుకు వారం వారం పోసే మనిషికి, బొమ్మకు కూడా కావాలని తట్టనే లేదు. పక్కన కిటికీ ఒకటి తక్కువుందని స్కేలు పెట్టి పట్టుకున్నవాడు, అరిగిన చక్రాలు చూడకుండా ఉంటాడా? సీసా ఎందుకు ఖాళీ అయ్యేదో, కొట్టువాడిని ఎందుకు బతకనిచ్చాడో, పెద్ద సీసా ఎందుకొచ్చిందో అన్నీ ఒక్కసారిగా ఆమె కళ్ళముందుకొచ్చాయి.

"దొంగమొహం," అంది. "అన్నీ తెలుసు. తెలిసి నా నూనే దొంగిలించి నా ఇంజిన్‌కే పోశాడు. నోరు విప్పి ఒక్క మాట చెప్పలేదు. ఒక్కరోజు సెలవు పెట్టి, నా పక్కన కూర్చుని చూస్తే సొమ్మేం పోయేది?"

ఆడపడుచు దగ్గరికి వచ్చి భుజంమీద చెయ్యి వేసింది. "వదినా, మరి అన్నయ్యకోసమైనా..."

"మీ అన్నయ్యకోసమే ఇన్నాళ్ళూ దాక్కుని తిప్పాను. ఇక చాలు." కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, కార్యదర్శి వైపు తిరిగింది. "మీ పెట్టెలు మీరు పట్టుకెళ్ళండి. బోర్డుమీద ఆయన పేరు రాసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పోయేముందు మాత్రం నూనె ఎక్కడ వెయ్యాలో చూపించి వెళ్ళండి. అన్నిటికీ."

ఆయన అట్టపెట్టెలవైపు ఒకసారి చూశాడు. తర్వాత జేబులోంచి స్కేలు తీసి పక్కన పెట్టి, నేలమీద బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. ఆమె మిషను సొరుగులోంచి నూనె సీసా తెచ్చి ఎదురుగా కూర్చుంది. ఆయన పచ్చ ఇంజిన్‌ని వెల్లకిలా పట్టుకుని, లోపలి పళ్ళచక్రం మీద వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడ. ఒక్క చుక్క మేడం. ఒక్కటంటే ఒక్కటే."

కత్తెరమ్మ రెండు వేసింది.