ఒంటెలకు పెట్టిన కళ్లు

ముందే చెప్పుకుంటున్నాను, నేను ఐదో తరగతి దాటలేదు. ఇలా కాగితం మీద ఏదైనా రాయడం ఇదే మొదలు. ఎక్కడ ఆపాలో, ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో సరిగ్గా తెలియదు. తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి.

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కావు, చేతుల్లోకి పెద్ద ఫోన్లు వచ్చేశాయి) బొమ్మలు వేసేవాడు దేశం దాటి వెళ్లొస్తే బుర్ర పెద్దదవుతుందని అందరూ అంటుంటే నమ్మాను. నా బుర్ర పెద్దదైందో, గందరగోళమైందో ఇప్పటికీ తేలలేదు. కోరుట్లలో మా మేనమామ వినాయక విగ్రహాలు చేసేవాడు. ఆయన దగ్గర పదేళ్లు పని చేశాను. తెల్ల కోటింగు, ధోతి అంచు, కిరీటం, నగలు అన్నీ నావే. కళ్లు మాత్రం ఆయనవి. అవి పెట్టేదాకా విగ్రహం కళ్ల మీద కాగితం అంటించి ఉండేది. తీసుకుపోయేవాళ్లు ట్రాక్టరు తెచ్చే రోజు పొద్దున్నే స్నానం చేసి, ఏమీ తినకుండా, మమ్మల్నందరినీ షెడ్డు బయటికి పంపి కళ్లు పెట్టేవాడు. ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

“మామా, ఈసారి ఒక్క కన్ను నేను పెడ్త.”

“ఒక్క కన్నేంది రా? రెండోది పక్కింటోడు పెడ్తడా?”

“పోనీ, ఎలుకకు పెడ్త.”

“ఎలుక గూడ దేవునిదే. నువ్వు వొయ్యి దాని తోకకు రంగెయ్యి.”

వేశాను. అలాంటి నాకు షార్జాలో పని దొరికింది. మాల్‌లలో, పార్కుల్లో పెట్టే ఫైబర్ బొమ్మలు చేసే వర్క్‌షాపు. వీసాలో పెయింటర్ అని ఉంటే ఊరంతా ఆర్టిస్టుగా పోతున్నానని చెప్పుకున్నాను. (మా వైపు నుంచి ఎక్కువమంది కట్టడాల పనికి పోతారు కాబట్టి నా నడక కూడా కొంచెం మారింది.) మూడు నెలలు చూస్తారు, పని నచ్చకపోతే వెనక్కి పంపేస్తారు. ఆర్టిస్టుగా పోయినవాడు మూడు నెలలకే కోరుట్ల బస్టాండులో దిగితే ఏం బాగుంటుంది? నా భయమంతా అదే.

మొదటి పని ఏడు ఒంటెలు. ఒళ్లంతా ఇసుక రంగు, మోకాళ్ల దగ్గర ముదురు, మూపురం మీద లేత. నాకే ముచ్చటేసింది. కళ్లకు మాత్రం టేపు అంటించి వదిలేశాను, ఫోర్‌మన్ పెడతాడు కదా అని. ఆయన కేరళ పెద్దమనిషి, రోజూ పొద్దున్నే స్నానం చేసి బొట్టు పెట్టుకుని వస్తాడు, ఇంకేం కావాలి. పని అయిందా అంటే అయిందన్నాను. ఆయన లారీని పిలిపించాడు. లారీ వచ్చాక టేపు లాగితే తెల్ల గుడ్లు. ఆయన ఒంటెను చూశాడు, నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను. నాకు హిందీ అంతగా రాదు, అందుకని నాతో పనిచేసే ఇబ్రహీంపట్నం అన్న మధ్యలో నిలబడ్డాడు.

“కండ్లేవని అడుగుతుండు తమ్మీ.”

“ఆయన పెడ్తడని ఉంచిన అన్నా. పొద్దున ఏమన్న తిన్నడేమో అడుగు.”

“తింటే ఏంది?”

“తినకుండ పెట్టాలె. మనం బయటికి పోవాలె.”

అన్న నన్ను చెయ్యి పట్టి పక్కకు లాగాడు. “గిది నేను చెప్పను. చెప్పిననుకో, మనల్ని బయటికే పంపుతడు, మల్ల లోపటికి రానియ్యడు.”

లారీ గంటసేపు ఆగుతుంది, ఈలోపు కళ్లు పెట్టకపోతే రేపట్నుంచి రావద్దు అన్నాడు ఫోర్‌మన్. ఈ మాట మాత్రం అన్న వెంటనే చెప్పేశాడు. కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, చెప్పులు విడిచి (నేల కాలుతుంటే ఒక కాలి మీద ఇంకో కాలు పెట్టుకుంటూ) బ్రష్ పట్టుకున్నాను. వాళ్లిచ్చిన ఫోటోలో ఒంటె కన్ను ఒక చుక్క. నేను దగ్గర్నుంచి చూసిన కళ్లు మామ పెట్టినవి మాత్రమే. చెయ్యి అటే పోయింది. పొడుగాటి కొసలు, సగం వాలిన రెప్పలు, మూలన సన్నటి ఎర్ర గీత. ఏడోది అయ్యాక వెనక్కి జరిగి చూస్తే ఏడు ఒంటెలూ నా మీద దయతలచినట్టు చూస్తున్నాయి. పక్కన అన్న చేతులు జోడించి ఉన్నాడు.

“ఏంది అన్నా, ఒంటెకు మొక్కుతున్నవ్?”

“ఏమో రా. గది సూసే సూపుకు చేతులు గట్లనే లేచినయ్.”

ఫోర్‌మన్ రెండు చుట్లు తిరిగి, ఎక్కించండి అని వెళ్లిపోయాడు. నచ్చిందా, కోపమొచ్చిందా తెలియదు. నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఐదో రోజు ఆరు గుర్రాలు నా ముందు పెట్టించి, ఈసారి టేపు అంటించొద్దని చెప్పి పంపాడు. అంటే పని ఉన్నట్టే.

ఆ తర్వాత సెలవు రోజుల్లో అన్న నన్ను జంతువుల్ని చూడ్డానికి తీసుకుపోయేవాడు. ఒంటె కంటిపాప అడ్డంగా ఉంటుంది. గుర్రం కన్ను పక్కకుంటుంది, మన వెనక ఎవరున్నారో కూడా చూస్తున్నట్టుంటుంది. ఏనుగు కన్ను చాలా చిన్నది, చుట్టూ ముడతలు, మన జేబులో ఏముందా అన్నట్టు చూస్తుంది. రెండేళ్లు అవే చూశాను, అవే పెట్టాను.

సెలవు మీద ఊరికి వచ్చేసరికి వినాయక చవితి ముందర. మామ నా ఫోన్లో ఒంటెల ఫోటోను పెద్దది చేసి చూశాడు.

“ఒంటె మీద నా కండ్లున్నయేంది రా?”

తల వంచుకున్నాను.

“కుడి కన్ను జర్ర మీదికి వోయింది.” ఫోను నా చేతిలో పెట్టాడు. “పో, తానం చేసి రా.”

పన్నెండేళ్లకు మామ నోట వచ్చిన మాట అది. స్నానం చేశాను, ఏమీ తినలేదు, అందరినీ బయటికి పంపాను (మామను కూడా). బయట నేర్చుకున్నదంతా పెట్టాలనుకుని, ఏనుగు కన్ను ఎలా ఉంటుందో అలాగే, ఒక్కో ముడతా వదలకుండా పెట్టాను. తలుపు తీశాక ట్రాక్టరుతో వచ్చిన యూత్ లోపలికొచ్చి నిలబడిపోయారు.

“కాకా, గీయన మమ్ముల అనుమానంగ సూస్తుండు.”

మామ విగ్రహానికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. తర్వాత మెల్లగా అన్నాడు, “ఏనుగైతే మంచిగనే ఉన్నది అల్లుడా. దేవుడేడి?”

మళ్లీ ఆయనే స్నానం చేసి వచ్చాడు. నేను యూత్‌తో పాటు బయట నిలబడ్డాను.

ఇప్పుడు మామ నిచ్చెన ఎక్కలేడు, షార్జా వదిలి వచ్చేసి కళ్లు నేనే పెడుతున్నాను. పెట్టాక ఆయన చూసి “ఊఁ” అంటాడు, అంతే. ఆ ఊఁకు అర్థం అడిగే ధైర్యం లేదు. ఆరోజు తడి తలతో, కాలే కడుపుతో, తానేం తప్పు చేశాడో తెలియక షెడ్డు బయట నిలబడ్డ ఆ ఆర్టిస్టును తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది, వెంటనే పాపం అనిపిస్తుంది.

రాయడం రానివాడు రాసింది, ఇందులో తప్పులు చాలానే దొర్లి ఉంటాయి. పెద్ద మనసుతో క్షమించండి.