ఎదురు గోడ మీది పత్తి చేను

మోత్కూర్ అంగడి దారిలో నాది సంచుల దుకాణం. ఆ మాటంటేనే నాకు ఒళ్ళు మంట. బోర్డు మీద ‘మల్లిక, బ్యాగుల డిజైనర్’ అని ఇంతలేసి అక్షరాలతో రాయించుకున్నా, ఊరంతా అనేది మాత్రం సంచుల దుకాణమే. ఇక్కత్ చీరల ముక్కలూ గోనెగుడ్డా కలిపి నేను కుట్టే ఒడి సంచి హైదరాబాద్ ప్రదర్శనల దాకా పోయింది. పత్తి ఏరే ఆడవాళ్ళు పాత చీరను నడుముకు కట్టి, ముందు ఒడిలా చేసుకుని, ఏరిన పత్తి అందులో వేసుకుంటారు కదా, నా సంచీ అదే తీరు. నడుముకు కట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ప్రతి సంచికీ ‘మా అమ్మ పుల్లమ్మ పత్తి ఏరిన తీరు’ అని చీటీ కూడా కుడతాను. అమ్మ పోయి మూడేళ్ళయింది.

మొన్న వానలు వెనకబట్టాక ఊళ్ళో గోడలకు బొమ్మలు వేయించడం మొదలుపెట్టారు. నా దుకాణానికి సరిగ్గా ఎదురున్న గోదాము గోడ భాగ్యశ్రీకి ఇచ్చారు. మా వాడ పిల్లే, నాకన్నా రెండేళ్ళు చిన్నది. నేను నల్లగొండ హాస్టల్లో చదువుతున్నప్పుడు అది బడి మానేసింది. తర్వాత ఎలక్షన్లకు పార్టీల గోడరాతలు రాస్తూ బ్రష్ పట్టడం నేర్చుకుంది. డిప్లొమా లేదు, పాడూ లేదు. అయినా అది నిచ్చెనెక్కితే చాలు, కింద జనం!

పదిరోజుల్లో గోడంతా పత్తి చేనయింది. వీపులు మనవైపు పెట్టి వంగి ఏరుతున్న ఆడవాళ్ళు, మధ్యలో ముఖం అటు తిప్పి నిలబడ్డ ఒకామె. చాయ్ బండి సుక్కమ్మ రోజూ దానికి ఊరికే చాయ్ పంపేది. ఏడేళ్ళుగా ఎదురుగా ఉన్నాను, నాకొక్క కప్పు పంపిన పాపాన పోలేదు. ఒకనాడు ఆటో జానయ్య వచ్చి, “మల్లికమ్మా, జర నీ సంచులు పక్కకు తియ్యరాదు? ఫోటోల అడ్డమొస్తున్నయ్,” అన్నాడు. నా దుకాణం ముందు నా సంచులు అడ్డమట! తీయనని తెగేసి చెప్పాను.

అసలు మంట ఆ తర్వాత మొదలైంది. మహిళా సంఘం పండుగకు సభ్యులందరికీ రెండు వందల సంచులు కావాలన్నారు. నా ఒడి సంచిని పట్నంలో కొన్నవాళ్ళలో పత్తి చేను తొక్కినవాళ్ళు ఒక్కరూ లేరు. మా ఊరి ఆడవాళ్ళు, పత్తి ఏరిన చేతులతో, దాన్ని నడుముకు కట్టుకుని అంగడికి రావాలన్నది నా ఏడేళ్ళ ఆశ. సంఘం అధ్యక్షురాలు సుగుణమ్మ పదిమందిని వెంటబెట్టుకుని వచ్చింది. సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, గోడవైపు చూసింది.

“మంచిగనే ఉన్నది గనీ బిడ్డా, గా బొమ్మను మామూలు సంచి మీద అచ్చేసిస్తే ఎట్లుంటది?”

నా నెత్తురు మరిగిపోయింది. నాలుగు రోజులుగా ఆ గోడలో ఒక తప్పు పట్టి దాచుకున్నాను. మధ్యలో ఉన్నామె ఒడిని నడుముకు కట్టుకోలేదు, ఎడమ భుజం మీదుగా వేలాడేసుకుంది. అందరి ముందూ అందుకున్నాను.

“ఎవరన్న ఒడి గట్ల ఏసుకుంటరా? ఏమే భాగ్యా, పత్తి ఏరిన మొఖమేనా నీది? చేను తెల్వదు గనీ చేను బొమ్మ ఏస్తవా?”

భాగ్యశ్రీ నిచ్చెన దిగింది. బ్రష్ గుడ్డకు తుడుచుకుంటూ నా ముఖంలోకి చూసింది.

“అక్కా, గామె మీ అమ్మ.”

నేను గోడవైపు తిరిగి మళ్ళీ చూశాను.

“నువ్వే గుర్తువడతవు, సంబురపడతవనుకున్న. నువ్వు పుట్టినప్పుడు దవాఖానల కడుపు కోసిండ్రట గదా. నడుముకు కడితె కుట్ల కాడ సలుపుతదని ఎన్నడు కట్టుకోలే. భుజానికే ఏసుకునేది. నాలుగేండ్లు పక్క సాలుల ఏరిన నేను.”

“అవు, పుల్లమ్మ గట్లనే ఏసుకునేది,” అంది సుక్కమ్మ. పదిమందీ తలలూపారు. అందరికీ తెలుసు. నేను మాత్రం హాస్టల్ నుంచి సెలవులకు వచ్చినప్పుడు ఒక్కనాడూ చేనుకు పోలేదు. పత్తికాయ ముళ్ళకు చేతులు గీసుకుపోతాయని అమ్మే రానిచ్చేది కాదు. తనకు కుట్లు నొప్పి అని కూడా నాకు చెప్పలేదు. దీనికి చెప్పింది! నా చేతులు కాపాడి, తన మాటలన్నీ పక్క సాలులో ఉన్న పిల్లకు చెప్పుకుంది. సిగ్గుతో చావాలి కదా నేను. సిగ్గు తర్వాత వచ్చింది, ముందు కుళ్ళు వచ్చింది.

సుగుణమ్మ నా భుజం తట్టింది. “బొమ్మ మాట ఇడిసిపెట్టు. సంచులు నువ్వే కుట్టు. గనీ పుల్లమ్మ ఏసుకున్న తీరుగ కుట్టు.”

మర్నాడు పొద్దున్నే బట్ట పరిచి కత్తెర పట్టుకున్నాను. భుజం మీది పట్టీ ఎంత పొడుగు? అమ్మను నేనట్లా ఎన్నడూ చూడలేదు. గోడ మీది బొమ్మకు కొలత దొరకదు. గంటసేపు కూర్చుని, ఇక తప్పక టేపు తీసుకుని రోడ్డు దాటాను.

“పట్టీ ఎంత పొడుగుండేదే?”

భాగ్యశ్రీ నవ్వలేదు, ఎగతాళీ చేయలేదు. టేపు నా ఎడమ భుజం మీద పెట్టి, ఛాతీ మీదుగా కిందికి లాగి, కుడి పక్కటెముకల కింద వేలు ఆపింది.

“గీడికి అక్కా. కుట్లకు తాకకుండ గీడనే ఆగేది.”

చెప్పడానికి అది ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. మళ్ళీ అదే కుళ్ళు, ఆ చెయ్యి విసిరికొట్టాలనిపించింది. టేపు మీద అంకె చూసి, అరచేతిలో రాసుకున్నాను.