నలభై రెండో పళ్లెం

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, రియాద్‌లో మా కంపెనీ మెస్‌లో దేశానికో వరుస ఉండేది. ఏ వరుసకు ఎన్ని భోజనాలో రోజూ నేనే రాసేవాణ్ణి. కరీబియన్ దీవుల ఎలక్ట్రీషియన్ ఒకతను అన్నం కోసం మా వరుసలో నిలబడితే, పాస్‌పోర్టు ఇండియాది కాదని సూపర్‌వైజర్ వెనక్కి పంపాడు. అతను నిలబడాల్సిన వరుసలో రొట్టె తప్ప అన్నం ఉండదు.

అతను నా ఎదురుగా కూర్చుని, ఖర్జూరపు గింజలను బల్లమీద వంపుగా పేర్చాడు. అవి తన దీవులట. అక్కడి తొలి మనుషుల్లో చాలామందిని చంపి, ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చారట. బానిసత్వం రద్దయ్యాక చెరకు నరకడానికి మద్రాసు రేవు నుంచి కూలీలను ఓడల్లో తీసుకెళ్లారట. వాళ్లలో తన తాతకు తాత ఒకడు.

"తెలుగు ముక్క రాదు, మనోడెట్లయితడన్నా?" అని మా కరీంనగర్ డ్రైవర్ నవ్వాడు.

"వాళ్ల తాత ఓడెక్కిండు తమ్మీ, నువ్వు విమానమెక్కినవ్. ఇద్దరు పోయింది కూలికే," అన్నాను.

మర్నాడు ఇండియా వరుసకు నలభై ఒకటి బదులు నలభై రెండు రాశాను. సూపర్‌వైజర్ కాగితం నా ముందుకు తోసి, "ఒకటి ఎక్కువుంది, మళ్లీ లెక్కపెట్టు," అన్నాడు హిందీలో.

"నేను లెక్కలు బళ్లో నేర్చుకోలేదు. అయినా ఇన్నేళ్లలో ఒక్కటీ తప్పలేదు. నలభై రెండే."

నలభై రెండో పళ్లెంలో అన్నం పడేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.