ఒంటిమనిషికి అద్దె ఇల్లు

పోయిన ఆదివారం మా అమ్మాయి రాంచీలో గది కోసం ఫోన్‌లో వెతుకుతూ కూర్చుంది. అక్కడ ఉద్యోగం వచ్చింది, ఒకటో తారీకుకి చేరాలి. ఒక్కో ఇంటి ఫోటో చూసుకుంటూ, కింద రాసింది చదువుకుంటూ, "పాపా, ఇస్ మే భీ లిఖా హై, ఫ్యామిలీ ఓన్లీ" అంది, నాన్నా, ఇందులోనూ కుటుంబాలకే ఇస్తామని రాశారని. మా పిల్లలకి తెలుగు అర్థమవుతుంది గాని నోటికి హిందీయే వస్తుంది. నేను తెలుగులో అడుగుతాను, వాళ్ళు హిందీలో జవాబిస్తారు, ఇన్నేళ్ళుగా అలాగే నడిచిపోతోంది. "ఒక్కదానివే ఉంటానని ముందే చెప్పెయ్యమ్మా, తర్వాత గొడవలొద్దు" అన్నాను. అనేశాక నాలిక కరుచుకున్నాను. ఆ మాట ముందే చెప్పినందుకు ఇల్లు దొరకని మనిషిని, చెప్పకుండా దాచి సంపాదించిన ఇంట్లో నిలవలేకపోయిన మనిషిని నేను దగ్గరుండి చూశాను. ఇద్దరూ ఒక్కరే. మా చిన్నత్త, మా నాన్నకి ఆఖరి చెల్లెలు.

మా అత్త పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో మా ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. రైల్వే ఆస్పత్రిలో డ్రెస్సర్‌గా చేసేది, అంటే పుళ్ళు కడిగి కట్లు కట్టే పని. చెయ్యి ఎంత మెత్తనో నోరు అంత గట్టి. కట్టు విప్పుతుంటే కేకలు పెట్టే వాణ్ణి "ఏటి బాబూ, ఇది నీ కాలేనా, పక్కమంచం వోడిదా" అని అడిగేదట. వాడు ఆలోచించుకునే లోపల కట్టు ఊడిపోయేది. రిటైరయ్యి క్వార్టరు ఖాళీ చేశాక ఊళ్ళోనే సిద్ధగోరా బస్తీలో రెండు గదుల రేకుల ఇంట్లో అద్దెకి దిగింది. పన్నెండేళ్ళు అక్కడే ఉంది. ఇంటాయన అద్దె పెంచాలనుకున్నప్పుడల్లా వచ్చి టీ తాగి, ఈ ఏడు ఎండలు ఎలా ఉన్నాయో మాట్లాడి, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు వెతుక్కుంటున్నట్టు తల వంచుకుని "బహెన్ జీ, ఈసారి ఓ రెండొందలు" అనేవాడు. మా అత్త మూడొందలు పెంచి ఇచ్చేది. ఆ సిగ్గు చూడలేకే ఆ పై వంద అని చెప్పేది.

ఆయన పోయిన ఏడాదికే కొడుకులు జాగాని బిల్డరుకి ఇచ్చేశారు. వాళ్ళనీ తప్పు పట్టలేం. ఆ వీధిలో పాత ఇళ్ళన్నీ అదే దారి పట్టాయి. ఒక రేకుల ఇల్లు కూలిపోయిన చోట ఎనిమిది ఫ్లాట్లు లేచేవి, ఆ ఎనిమిదింటిలో దేని అద్దె కూడా పాత ఇంటి అద్దెకి మూడింతలకి తగ్గేది కాదు. మూడు నెలలు గడువిచ్చారు. మేనల్లుడివి కదా, నీ ఇంటికే తీసుకెళ్ళకపోయావా అని మీరు అడుగుతారు. నేనూ నన్ను అడుగుతూనే ఉన్నాను. గోవింద్‌పూర్‌లో లారీ విడిభాగాలు చేసే ఓ చిన్న కార్ఖానా స్టోరులో నా ఉద్యోగం. మేమూ అద్దె ఇంట్లోనే ఉండేవాళ్ళం, ఇప్పటికీ అంతే. కింద ఇంటివాళ్ళు, పైన మేము. ఎగ్రిమెంటులో నలుగురు అని రాసి ఉంది. ఇంటాయన్ని కదిపి చూశాను. మంచాయనే, గట్టిగా ఏమీ అనలేదు. "మీ ఎగ్రిమెంటు వచ్చే నెలతో అయిపోతోంది, ఆలోచించుకోండి" అన్నాడు. అమ్మాయికి ఆ ఏడు బోర్డు పరీక్షలు. మా అత్త నా ముఖం చూసి, నేనింకా ఏమీ చెప్పకుండానే, "ఒద్దులే నాయినా, నా కోసం నువ్వు రోడ్డెక్కితే ఇద్దరికీ ఇల్లుండదు" అంది. నాకు హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు ఇప్పటికీ హాయిగా లేదు.

అక్కడినించి ప్రతి ఆదివారం స్కూటర్ వెనకాల ఆవిడని కూర్చోబెట్టుకుని ఇళ్ళు చూడ్డానికి తిరిగేవాణ్ణి. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, పింఛను కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, పెళ్ళిచూపులకి వెళ్తున్నంత శ్రద్ధగా తయారయ్యేది. కుర్రాళ్ళకైతే తాగుతారేమో, అల్లరి చేస్తారేమో అని భయపడి ఇవ్వరు. డెబ్బై దాటిన ముసలమ్మ ఏం అల్లరి చేస్తుంది? పైగా నెల తిరిగేసరికి పింఛను పడుతుంది. పరుగున వచ్చి ఇస్తారనుకున్నాను. అన్ని చోట్లా మొదట మర్యాద జరిగేది, మంచినీళ్ళు ఇచ్చేవారు, గదులు తిప్పి చూపించేవారు. తర్వాత "అకేలీ హై క్యా?" అనేవారు. ఒక్కత్తేనా అని. ఔననగానే ఇంటావిడ లోపలికి వెళ్ళేది, బయటికొచ్చి ఇల్లు ఇంకెవరికో మాట ఇచ్చేశామన్న సంగతి ఇప్పుడే గుర్తొచ్చిందనేది. ఇలా ఏడెనిమిది ఇళ్ళయ్యాక ఒకాయన మాత్రం దాచకుండా చెప్పాడు. నన్ను పక్కకి పిలిచి, "వయసు మళ్ళిన మనిషి, రాత్రికి రాత్రి ఏదైనా అయితే మేం ఏం చెయ్యాలి? ఆ తర్వాత ఆ ఇంట్లోకి ఎవరొస్తారు?" అన్నాడు. పక్కకి పిలిచాడే గాని గొంతు తగ్గించలేదు. తిరిగి వస్తుంటే వెనకనించి మా అత్త అంది, "ఎంతమందికి ముక్కుల్లో దూది పెట్టాను నాను. నాకు పెట్టీవోళ్ళు లేరని ఆళ్ళకి బెంగ."

నేను పెద్దగా అబద్ధాలాడే మనిషిని కాను, ధైర్యం లేక. ఉపాయం మా ఆవిడది. ఇల్లు నా పేరున తీసుకుందాం, మనమందరం ఉంటామని చెబుదాం అంది. అలా సిద్ధగోరాలోనే ఇంకో సందులో ఓ ఇల్లు కుదిరింది. ఇంటాయనకి వేరేచోట బట్టల దుకాణం, నెలకోసారి అద్దె వసూలుకి వస్తాడు. నేనూ, భార్యా, ఇద్దరు పిల్లలూ, మేనత్తా అని చెప్పి సంతకం పెట్టాను. ఆనాడే మా ఇంట్లోంచి నాలుగు పాత చొక్కాలు, పిల్లల యూనిఫాంలు ఒక జత మా అత్తకి అప్పగించేశాం. ఆవిడ అవి రోజు విడిచి రోజు ఉతికి డాబా మీద ఆరేసేది. మాసినవి కాకపోయినా ఉతికేది, ఎవరికీ అనుమానం రాకూడదని. గుమ్మం దగ్గర నా పాత బూట్లు ఉండేవి, వారానికోసారి వాటి దిక్కు మార్చేది. ఇంటాయన వచ్చే ఆదివారం మేమందరం పొద్దున్నే వెళ్ళి కాపురం పెట్టేవాళ్ళం. మా ఆవిడ పప్పు పోపు వేసేది, నేను బనియన్‌తో పేపరు పట్టుకునేవాణ్ణి, మా వాడు పుస్తకం తెరిచి కూర్చునేవాడు. ఆ ఒక్క రోజు మాత్రం మా అత్త ముఖం విప్పారి ఉండేది. నాటకమని మేమెవరమూ మర్చిపోలేదు గాని, మధ్యాహ్నం భోజనాలయ్యాక లేవాలంటే మాత్రం ఎవరికీ బుద్ధి పుట్టేది కాదు.

ఎగ్రిమెంటు తిరగరాసే వేళకి ఇంటాయన వచ్చి కూర్చున్నాడు. చుట్టూ కొత్త ఫ్లాట్లలో ఎంత పలుకుతోందో చెప్పాడు. అందరికీ పదో వంతు పెంచుతున్నా గాని మీకు అంతకంటే ఎక్కువ వెయ్యక తప్పదన్నాడు. ఎందుకని అడిగాను. "మీరు అయిదుగురు. బోరు నీళ్ళు. వచ్చినప్పుడల్లా డాబా మీద చూస్తూనే ఉన్నాను కదా, ఎప్పుడూ బట్టలే" అన్నాడు. ఒక్క మనిషే వాడుతోందని చెబితే అద్దె తగ్గదు, ఇల్లే పోతుంది. మా అత్త లోపలినించి వచ్చి, "ఇత్తాంలెండి" అంది తెలుగులో, తర్వాత హిందీలో. అప్పుడు ఒప్పుకున్నాం. మరుసటిసారి ఆయన మళ్ళీ పెంచేసరికి ఆవిడ పింఛనులో సగం పైన ఇంటికే పోతోంది. నేను కొంత వేస్తానన్నాను. రెండు నెలలు తీసుకుంది. మూడో నెల డబ్బు నా జేబులో తిరిగి పెట్టేసి, "ఇద్దరం కలిసి ములిగిపోడం ఏటికి, సిన్న గది సూడు" అంది.

ఆ చిన్న గది అదే ఊళ్ళో బర్మామైన్స్‌లో దొరికింది. కింద కిరాణా కొట్టు, పైన వరుసగా నాలుగు గదులు, నాలుగింటికీ ఒకటే స్నానాలగది. కొట్టాయన మన తెలుగువాడే, ఒడిశా సరిహద్దు దగ్గరి ఊరు. ఈసారి అబద్ధం ఆడలేదు, ఓపిక లేక. ఒక్కత్తే అని చెప్పేశాం. ఆయన తూకం రాళ్ళు ఒక్కొక్కటే సర్దుకున్నాడు. తర్వాత చెప్పాడు. ఆ గదిలో ఇదివరకు ఓ ముసలాయన ఉండేవాడట, పోతే ఇద్దరు అన్న కొడుకులు నువ్వంటే నువ్వని తగువు పడి రెండు రోజులు రాలేదట. ఆపైన నాలుగు నెలలు గది ఖాళీ. "అమ్మగోరూ, తప్పుగా అనుకోకండి. ఓ కాగితం రాసిత్తే ఇచ్చేత్తాను" అన్నాడు. కాగితం ఆయనే రాశాడు, తలెత్తకుండా. గదిలో ఉన్న మనిషికి ఏదైనా అయితే, కబురందిన రెండు గంటల్లో మేనల్లుడు వచ్చి తీసుకుపోవాలి.

కొట్టాయన కలం నా చేతికిచ్చి సంతకం పెట్టమన్నాడు. మా అత్త కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం నెమ్మదిగా రెండుసార్లు చదివింది. "రెండు గంటలు సాలదు బాబూ. ఈడు డూటీలో ఉంతాడు, గేటు పాసు రాయించుకోవాల. డాట్రు సర్టిఫికెట్టుకే రెండు గంటలవుద్ది, నాకు తెల్దేటి. నాలుగు రాయి" అంది, కూరగాయల దగ్గర బేరం ఆడినట్టే. ఆయన రెండు కొట్టేసి నాలుగు వేశాడు. ఆవిడ నా వైపు తిరిగి, "పెట్టీ నాయినా" అంది. పెట్టాను.

ఇది జరిగి అయిదేళ్ళవుతోంది. ఆవిడకి ఎనభై నిండబోతోంది, ఆ గదిలోనే ఉంది, వరుసలో పిల్లల మోకాళ్ళకి కట్లు కడుతోంది. నా ఫోను మాత్రం నిద్రలో కూడా దిండు కిందే. అద్దె కాగితం పదకొండు నెలలకే రాస్తారు గనక, ఆ నాలుగు గంటల కాగితం కూడా దానితోపాటే మళ్ళీ రాయాలి. ఇప్పటికి ఆరుసార్లు పెట్టాను ఆ సంతకం. పెట్టిన ప్రతిసారీ, పాతది అక్కర పడకుండా గడిచిపోయిందని సంతోషించాలో, కొత్తదానితో ఆ రోజు ఇంకాస్త దగ్గరపడిందని దిగులుపడాలో తెలియకుండానే బయటికి వచ్చేస్తాను. లోకంలో ఏడాదికి పన్నెండు నెలలంటారు గాని, అద్దెకున్న వాళ్ళకి పదకొండే, అందుకే కాబోలు మా వయసు కాస్త ముందుగా అయిపోతుంది.