నేను చదవని మూడో పేజీ

మా కాలనీ చెకింగ్ సారు పోయిన శుక్రవారం పొద్దున చనిపోయారు. నేను గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తాను. లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు. మధ్యాహ్నం భోజనానికి బయటికొచ్చి లాకర్లోంచి ఫోను తీశాకే ఆ వార్త చూశాను. కాలనీ గ్రూపు నిండా అప్పటికే దండాల బొమ్మలు. నేనూ ఒకటి పెట్టబోయి ఆగిపోయాను. ఆయనకు దండం పెట్టే మొహం నాకు లేదు. ఎందుకు లేదో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

బీరంగూడలో ఆయన అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. చెకింగ్ సారంటే మాత్రం అందరికీ తెలుసు. ఒక పెద్ద ఫ్యాక్టరీలో, ఉద్యోగుల క్వార్టర్లకు మరమ్మతులు చూసే విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఎవరైనా ఇల్లు కొనబోతుంటే ముందుగా వెళ్లి, గోడ గోడా చూసి, ఉన్నదున్నట్టు కాగితం మీద రాసిచ్చేవారు. "ఇల్లు కొనేటోడు హాలు జూస్తడమ్మా, ఉండేటోడు బాత్రూం జూస్తడు" అనేవారు. ఆయన మొదట బాత్రూమే చూసేవారు.

మేం ఇప్పుడున్న ఇల్లు కొనేముందు కూడా ఆయన్నే పిలిచాం. ఆదివారం ఎనిమిదింటికల్లా టిఫిను డబ్బాతో సహా వచ్చారు. ఇల్లు అమ్మే ఆయన చాయ్ తెస్తే పక్కన పెట్టించారు. "చాయ్ తాగినంక తప్పు జెప్పబుద్ధి కాదు. పనైనంక తాగుత" అన్నారు. ఇంట్లో నల్లాలన్నీ ఒకేసారి తిప్పి, ధార ఎక్కడ సన్నబడిందో చూసుకుంటూ తిరిగారు. బాత్రూంలో బకెట్ నీళ్లు గుమ్మరించి, అవి జాలీ వైపు పోతాయా, గుమ్మం వైపు వస్తాయా అని నిలబడి చూశారు. ఒక చిన్న కర్రతో ప్రతి బండనూ కొట్టి, చెవి ఆనించి విన్నారు. ప్రతి కిటికీ మూసి తెరిచారు. ప్రతి స్విచ్చు దగ్గరా టెస్టరు పెట్టారు. బోరు నీళ్లు గాజు సీసాలో పట్టి ప్రహరీ మీద ఎండలో పెట్టారు. అదెందుకు సార్ అంటే, "మన దిక్కు బోర్లు గదమ్మా, జెరసేపు తేరుకోనియ్యి, అడుగున ఏముందో అదే జెప్తది" అన్నారు.

నాకు చిరాకొచ్చింది. మా ఆయన అప్పటికి పదిసార్లు గడియారం చూశారు. "ఇంకెంతసేపు సార్?" అని అడిగేశాను.

"నువ్వు ఈ ఇంట్ల యాభై ఏండ్లు ఉంటవు. నాకు నాలుగు గంటలియ్యవా?" అని నవ్వారు.

చివరికి మేడ మీదికి వెళ్లి అక్కడ పేచీ పెట్టారు. వరిమడికి కట్టినట్టు చుట్టూ కట్ట కట్టి, ఒక రోజంతా నీళ్లు నింపి ఉంచాలట. కింద ఎక్కడైనా చెమ్మ దిగితే అప్పుడు తెలుస్తుందట. అమ్మే ఆయన కుదరదన్నాడు. ఆయనకు వంత పాడింది నేనే. బుధవారం రిజిస్ట్రేషన్, తొమ్మిదో రోజున గృహప్రవేశం. ముహూర్తం దాటితే మళ్లీ మూడు నెలల దాకా లేదని పంతులు చెప్పాడు.

"పైన బాగానే ఉంది కదా సార్, కొత్తగా రంగు కూడా వేశారు."

"రంగేసిండ్రనే నా బాధ. గోడకు అబద్ధం రాదమ్మా, రంగుకు వస్తది. బాగున్నదని నేను అంటలే. జూడలేదని అంటున్న."

ఆ రెండు మాటలకూ తేడా తెలియనిదాన్ని కాను. పరీక్ష చెయ్యని మందు మీద 'సరిగా ఉంది' అని రాస్తే నా ఉద్యోగం ఊడుతుంది. అయినా ఆ రోజు తలూపి, ఆయన రాసిచ్చిన కాగితాల్లో మొదటి పేజీ మాత్రం చూసి, పెట్టమన్నచోటల్లా సంతకాలు పెట్టి, ఇంటి పత్రాల ఫైల్లో దోపేశాను.

ఆ ఏడు వానలకే వెనక గది, మా అత్తమ్మ ఉండేది, ఉరవడం మొదలైంది. మోకాళ్ల నొప్పులతో లేవలేని మనిషి, మంచం మీద బొట్లు బొట్లుగా పడుతుంటే దుప్పటి మీద స్టీలు గిన్నె పెట్టుకుని కూర్చుంది. నా కోపమంతా చెకింగ్ సారు మీదికి మళ్లింది. వినాయకుడి మండపం దగ్గర ప్రసాదానికి వచ్చిన పది మంది ఆడవాళ్ల ముందు, "నాలుగు గంటలు చూసిండు, అన్నీ మంచిగున్నయన్నడు. ఏం చూసిండో ఏమో" అన్నాను. ఆయన అలా అననేలేదు. నా నోటికి అలా వచ్చింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు. నిమజ్జనం అయ్యేలోపు ఆ మాట నాలుగు వీధులు తిరిగింది. ఇల్లు కొనేవాళ్లు వేరే వాళ్లను పిలవసాగారు. ఆదివారాలు పొద్దున్నే సంచీ వేసుకుని పోయే మనిషి, ఇంటి ముందు కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ కనిపించేవారు. నన్ను చూస్తే ఎప్పటిలాగే తల ఊపేవారు. ఒక్క మాట అడగలేదు.

పోయిన చలికాలం ఇంటి పన్ను మా పేరు మీదికి మార్పించుకోవడానికి ఫైలు తీశాను. మూడో పేజీలో ఆయన గుండ్రటి చేతిరాత ఉంది: "పైకప్పు నీళ్లు నింపి చూడలేదు. కొనేవారు వద్దన్నారు. వెనక గది మూలన కొత్త రంగు కింద తేమ ఉందని అనుమానం. చూడకుండా కొనవద్దు." కింద నా సంతకం ఉంది.

రాత్రి మా ఆయనకు చూపిస్తే, "ఇప్పుడు పోయి ఏం జెప్తవ్? అయిపోయిన ముచ్చట, పోనీ" అన్నారు. నేను పోనిచ్చాను. ఆయన మీద నెట్టలేను, ఎందుకంటే నాకు కావలసిందీ ఆ సలహానే. సారు ఇల్లు మా ఇంటికి మూడు వీధుల అవతలే.

ఆదివారం కమ్యూనిటీ హాల్లో సంతాప సభ పెట్టారు. కాలనీ పెద్దాయన మంచి మనసుతోనే మాట్లాడారు. "ఎన్ని ఇండ్లు జూసిండో లెక్కలేదు. ఒక్క మన మేడమోళ్ల ఇంటికాడ జెర తప్పిండు. మనిషన్నంక తప్పుతడు, గది పెద్ద ముచ్చట గాదు" అన్నారు. అందరూ అవునన్నట్టు తలలూపారు. నా అబద్ధానికి సారును అందరూ క్షమిస్తున్నారు. అది వినలేకపోయాను. లేచి, మూడో పేజీ గురించి, సంతకం గురించి, మండపం దగ్గర నేనన్న మాట గురించి మొత్తం చెప్పాను. పెద్దాయనే, "ఇప్పుడు జెప్తే ఏం ఫాయిదా మేడం" అని మెల్లగా అన్నారు.

సారు భార్య మాత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "గా కాగితం నకలు మా ఇంట్ల గూడ ఉన్నది బిడ్డా. తీస్కపోయి అందరికీ సూపియ్యరాదు అని నేనే ఆయనతోని కొట్లాడిన. ఇనలే. 'నేను జూసిన ఇంటి ముచ్చట ఆ ఇంటోళ్లదే. నలుగుర్ల వెడితే రేపు వాళ్లు అమ్ముకుందామన్నా ఎవడు కొంటడు' అన్నడు" అంది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అక్కడ చెప్పలేకపోయింది ఇంకొకటుంది. ఈ ఏడు మొదటి వానలకు కూరగాయల బండి దగ్గర ఆయన ఎదురయ్యారు. అప్పటికి మూడో పేజీ చదివి నెలలు గడిచాయి. చుట్టూ ఎవరూ లేరు. "ఏమ్మా, పెద్దమ్మ రూముల ఇంకా ఉరుస్తుందా?" అని అడిగారు. ఉరుస్తోందంటే మిగతాదంతా చెప్పాలి. "లేదు సార్, బాగానే ఉంది" అని కొత్తిమీర కట్ట వైపు తిరిగాను. ఆయన నమ్మలేదు. "వాన తగ్గంగనే పైకి పోయి, నీళ్లు నిలవడ్డకాడ సుద్దముక్కతోని చుట్టూ గీత గీయమ్మా. నీళ్లు ఆరినంక యాడ పని జెయ్యాల్నో గీతే జెప్తది" అని, చిల్లర తీసుకుని, సంచీ నెత్తిన పెట్టుకుని వానలోనే వెళ్లిపోయారు. నేను గీత గీయలేదు.

నిన్న సాయంత్రం వాన పడి తగ్గింది. సుద్దముక్క తీసుకుని మేడెక్కాను. అత్తమ్మ గది మీద, ట్యాంకు దిమ్మె పక్కన నీళ్లు నిలిచాయి. చెప్పులు విడిచి, వంగి, అంచు వెంట మెల్లగా గీసుకుంటూ వచ్చాను. ఈ పొద్దున మళ్లీ వెళ్లి చూశాను. నీళ్లు లేవు. ఎండలో తెల్లటి గీత ఒక్కటే ఉంది, సరిగ్గా అత్తమ్మ మంచమంత.